చెవుల ఉపవాసం

లంకలగరువులో పాటలు ఆగిపోయిన ఆదివారం నాడు ఊళ్ళో ఎవరూ పోలేదు. కరెంటు కూడా పోలేదు. ఆ రోజు జపాను నుంచి ఒక శుభవార్త వచ్చింది. అందుకని ఆగిపోయాయి.

వార్త ఏమిటంటే, ఒక తరం కిందట తయారు చేయడం మానేసిన ఒక మహాయంత్రాన్ని అక్కడి కంపెనీవారు మళ్ళీ తయారు చేయబోతున్నారు. రికార్డు తిప్పే యంత్రం. మామూలు యంత్రాల్లో మోటారు ఒక మూల కూర్చుని రబ్బరు బెల్టు వేసి పళ్ళేన్ని లాగుతుంది. ఇందులో అలా కాదు. పళ్ళెం ఇరుసే మోటారు ఇరుసు. మధ్యవర్తి లేడు. దాన్ని డైరెక్ట్ డ్రైవ్ అంటారు. ఆ మాట వినగానే లంకలగరువు శ్రవణానంద సమాజంలో కొందరికి కళ్ళు చెమర్చేవి. బెల్టు యంత్రం వాడే ఒక సభ్యుణ్ణి గురించి, మనిషి మంచివాడే అయినా, ఆయనతో వియ్యమందే విషయంలో ఆలోచించుకోవాలని లోపాయికారీగా అనుకునేవారు.

సమాజం కాలువగట్టు మీద ఒక మేడలో ఉంది. సభ్యులంతా పింఛను పుచ్చుకునేవారు. ప్రతి ఆదివారం సాయంత్రం చేరి రికార్డులు వినేవారు. పాట బాగుందన్నవాణ్ణి కొత్తగా చేరినవాడి కింద లెక్కగట్టేవారు. పాట వెనకాల తంబురా మీటినాయన కుర్చీ కిర్రుమనడం వినిపించిందన్నవాడికి కార్యవర్గంలో చోటు దొరికేది. ఒకాయన, పాడే ఆవిడ పొద్దున ఇడ్లీ తిని పాడిందో ఉప్మా తిని పాడిందో చెప్పగలనని చెప్పి కోశాధికారి అయ్యాడు.

ఉపాధ్యక్షుడు జోగారావుకి మాత్రం జన్మలో కుర్చీ వినపడలేదు. ఆయనకి పాటే వినపడేది. కొబ్బరికాయల వ్యాపారి. ఆ మేడ ఆయనదే, కింద కాయల గోడౌను, పైన సమాజం. అద్దె అడగని ఇంటివాణ్ణి ఏదో ఒకటి చేయాలి కనక ఉపాధ్యక్షుణ్ణి చేశారు. సభలో ఎవరేమన్నా ఆయన చెయ్యెత్తి, "బలపరుస్తున్నానండి," అనేవాడు. ఏం బలపరిచాడో ఇంటికి వెళ్ళాక భార్య రాజ్యం అడిగితే తెల్లమొహం వేసేవాడు.

అధ్యక్షులు ముక్కామల విశ్వపతి గారు నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి దిగినవారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కాని ఆయన నోటిని వదల్లేదు. ఇంట్లో మజ్జిగ కావాలన్నా ఉత్తర్వులాగే అడిగేవారు.

ఆ ఆదివారం ఆయన లేచి గొంతు సవరించుకున్నారు.

"సభ్యులకు తెలియజేయునది ఏమనగా, మహాయంత్రము పునరుద్ధరింపబడుచున్నది. ఈ సమాజము ఒక దానికి ఉత్తరువు పంపియున్నది. అది వచ్చులోగా మనము నాసిరకపు శబ్దమును సేవించినచో, చెవులు దానికి అలవడి, నాణ్యమైన శబ్దమును గుర్తించు శక్తిని కోల్పోవు ప్రమాదము కలదు. కావున యంత్రము వచ్చునంతవరకు సభ్యులందరు శ్రవణోపవాసము పాటించవలెను."

కార్యదర్శి కామేశం గారు, సబ్‌రిజిస్ట్రారుగా చేసినాయన, అది రాసుకుని కింద గీత కొట్టారు.

"టీవీ చూడొచ్చాండి?" అని ఒకాయన అడిగాడు.

"మూగగా చూడవచ్చును."

"మరి మా ఆవిడ మాట్లాడుద్దండి."

విశ్వపతి గారు ఆలోచించారు. "గృహిణి మాట శబ్దము పద్దు కిందికి వచ్చునా, నిత్యావసరముల పద్దు కిందికి వచ్చునా అనునది ఉపసంఘము పరిశీలించును."

తర్వాత రికార్డుల సంగతి వచ్చింది. ఇన్నేళ్ళుగా ముల్లు గీసి గీసి రికార్డుల గాళ్ళు అలసిపోయి ఉంటాయనీ, మహాయంత్రం వచ్చేలోగా వాటికి విశ్రాంతి కావాలనీ కామేశం గారు ప్రతిపాదించారు. అందరూ తమ రికార్డులు తెచ్చి సమాజం ఇనప్పెట్టెలో పెట్టాలి. తాళం అధ్యక్షుల మొలతాడుకి ఉంటుంది. అన్నిటికంటే అరుదైన రికార్డుకి మహాయంత్రం మీద మొట్టమొదట తిరిగే గౌరవం.

అరుదైనది ఎవరి దగ్గరుందని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే జోగారావుకి ఛాతీ పొంగింది. "మాదుందండి," అన్నాడు. "మా రాజ్యం పాడింది. ఇంకెక్కడా లేదండి. లోకం మొత్తానికి అదొక్కటే."

సభ చప్పట్లు కొట్టబోయి, ఉపవాసం గుర్తొచ్చి, చేతులు ఊపింది.

ఆ రికార్డుకి ఒక కథ ఉంది. పూర్వం పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు మగపెళ్ళివారిని పాటల్లో ఎకసెక్కాలాడేవారు. మగపెళ్ళివారి ఆడవాళ్ళు అంతకంత అంటించేవారు. జోగారావు పెళ్ళిలో ఆడపెళ్ళివారి వైపు పాడాల్సిన పెద్దావిడకి గొంతు బొంగురుపోయింది. అవతల జోగారావు అక్క మాణిక్యం ఒక్కో పాటా వదుల్తుంటే ఇటునుంచి జవాబు లేదు. పరువు పోతోంది. పెళ్ళికూతురు రాజ్యం కాసేపు ఓపిక పట్టి, విస్తట్లో చెయ్యి కడిగేసుకుని, బాసికం పైకి నెట్టుకుని తనే ఎత్తుకుంది. పెళ్ళికూతురు నోరు విప్పకూడదని ఎవరో అనేలోపల మగపెళ్ళివారు నాలుగు పాటలు తినేశారు. జోగారావు పక్కనే కూర్చుని, ఈవిడ ఇంక జన్మంతా నాతోనే ఉంటుందా అని మురిసిపోయాడు.

ఆ పెళ్ళికి మద్రాసు నుంచి రికార్డుల కంపెనీ మనిషొకడు వచ్చాడు. నవ్వి నవ్వి గొంతులో వక్క అడ్డంపడి, వీపు మీద చరిస్తే గాని ఊపిరి రాలేదు. వదినా మరదళ్ళిద్దర్నీ రైలెక్కించి తీసుకెళ్ళి రికార్డు చేశాడు. ఒకవైపు రాజ్యం పాట, తిప్పితే మాణిక్యం జవాబు. తర్వాత కంపెనీ మునిగింది. ఓ గాలివానకి ఇంట్లో రికార్డు ప్లేయరు కాలవలో కొట్టుకుపోయింది. రికార్డు బియ్యం డబ్బాలో ఉండి బతికింది. సంసారం, పిల్లలు, కొబ్బరికాయలు, వీటి మధ్య దాన్ని మళ్ళీ వినడం పడనే లేదు. మాణిక్యం కూడా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే రికార్డు పట్టుకెళ్ళి ఇనప్పెట్టెలో పెట్టేసి వచ్చి, రాత్రి భోజనం దగ్గర జోగారావు ఈ గౌరవం సంగతి చెప్పాడు. రాజ్యం వినిపించుకోలేదు. మళ్ళీ చెప్పాడు.

"ఏంటో గట్టిగా ఏడవండి," అంది. "ఈమధ్య మీరు గొణుగుతున్నారు."

"నేను గొణగట్లేదు రాజ్యం."

"గొణుగుతున్నారు. కాకులు కూడా గొణుగుతున్నాయి. కుక్కరు కూతెయ్యడం మానేసింది."

మర్నాడు చెవుల డాక్టరు సుబ్బిరెడ్డి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కూడా సమాజం సభ్యుడే. చెవిలో దీపం పెట్టి చూసి, గంటలు మోగించి, జోగారావుని పక్కకి పిలిచాడు.

"నరం ఎండిపోతోందండి. వినికిడి మిషను పెడితే గోల వినపడుద్ది గాని మాట తెలవదు. ఈ ఏడు దాటాక ఏదీ వినపడదు. ఏం వినాలనుకుంటే అది ఇప్పుడే విననివ్వండి."

పక్కకి పిలిచాడు కాని, చెవిటివాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు పెద్దది. ఆ ఒక్కటీ రాజ్యానికి చక్కగా వినపడింది.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, బియ్యం డబ్బా మూత తీసి చూసింది.

"ఏదండీ?"

"అదే రాత్రి చెప్పాను కదా, సమాజంలో..."

"నా పాట నేనొకసారి వింటానండి. మీ అక్కది కూడా. అంతకంటే నాకేం అక్కర్లేదు. వెళ్ళి తెండి."

అంత చిన్న కోరిక రాజ్యం ఎప్పుడూ కోరలేదు. జోగారావు కండువా వేసుకుని తిన్నగా అధ్యక్షుల ఇంటికి వెళ్ళాడు.

విశ్వపతి గారు అంతా విని తలపంకించారు. "మీ మనవి సానుభూతితో పరిశీలించబడినది."

"అయితే ఇస్తారాండి?"

"పరిశీలించబడినది అన్నాను."

"ఆయ్. మరి మా ఆవిడకి చెవి..."

"ఒకరికి మినహాయింపు ఇచ్చినచో అందరును చెవులు పట్టుకుని వత్తురు. పైగా విశ్రాంతి మధ్యలో గాళ్ళను లేపుట శ్రేయస్కరము కాదు. యంత్రము వచ్చుచునే ఉన్నది. మొదటి రికార్డు మీదే కదా. అందాక వారి చెవులకు గడువు పొడిగించవలసినదిగా వైద్యుని కోరండి."

జోగారావు అలవాటు కొద్దీ, "బలపరుస్తున్నానండి," అని వచ్చేశాడు. గుమ్మం దిగాక తను అన్నదేమిటో తెలిసి నుదురు కొట్టుకున్నాడు.

ఈలోగా మహాయంత్రం కోసం పీఠం మొదలైంది. అంత గొప్ప యంత్రాన్ని మామూలు బల్ల మీద పెడితే భూమి అదురు ముల్లుకి ఎక్కుతుంది. విశ్వపతి గారు ఉద్యోగంలో ఉండగా ఒక వంతెన కట్టబోతే నిధులు రాక ఆగిపోయిందట. ఆ వంతెన స్తంభం నమూనా ఆయన దగ్గర ఉండిపోయింది. అది ఇక్కడికి పనికొచ్చింది. కొబ్బరి గోడౌను నేల పగలగొట్టి లోపలికి దిగారు. మట్టి వచ్చింది, ఇసక వచ్చింది, ఉప్పునీళ్ళు వచ్చాయి, చివరికి ఒక పీత వచ్చింది. పీత నడిస్తే కూడా అదురు పుడుతుందని దాన్ని కాలవ దాటించి వదిలిపెట్టారు. అక్కణ్ణించి లేచిన సిమెంటు స్తంభం గోడౌనులోంచి, పై అంతస్తు నేలలోంచి, ఎక్కడా ఏదీ తగలకుండా సమాజం హాల్లోకి వచ్చి ఆగింది. మేడ కూలినా స్తంభం కూలదని విశ్వపతి గారు హామీ ఇచ్చారు. మేడ జోగారావుది కనక ఆయనే బలపరిచాడు.

స్తంభం కదలదు సరే, దాని చుట్టూ ఊరు కదులుతోంది. కాలువగట్టుని నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తూ మునిసిపల్ కమీషనరు గారి చేత బోర్డు పెట్టించారు. ఆయన విశ్వపతి గారి మేనల్లుడికి తోడల్లుడు. ఇంక చూసుకోండి. బస్సు బోర్డు దగ్గరికి రాగానే ఇంజను ఆపేది, ప్రయాణికులు దిగి మండలం దాటేదాకా చెప్పులు చేతపట్టుకుని తోసేవారు. బియ్యం మిల్లు రాత్రిళ్ళు కూడా మూతపడింది. కొబ్బరిచెట్టు మీంచి కాయ పడితే ధన్‌మంటుంది కనక దింపువాళ్ళు ఒక్కో కాయనీ తాటితాడుకి కట్టి, పసిపిల్లని ఉయ్యాల దింపినట్టు దింపవలసి వచ్చింది. పొద్దున ఎక్కినవాడు ఒక్క చెట్టు దిగేసరికి పొద్దుగూకేది. కొన్ని కాయలు తాడు మీద ఉండగానే మొలకెత్తాయి.

ఆ మాఘమాసంలో మండలంలో ఒక పెళ్ళి జరిగింది. సన్నాయివాళ్ళు బుగ్గలు పూరించారు, ఊదలేదు. డోలు వాయించేవాడు తలగడ మీద వాయించాడు. గట్టిమేళం అనడానికి బదులు పురోహితుడు ఎర్రగుడ్డ ఊపాడు. పెళ్ళికొడుకు దాన్ని రైలు ఆపడం అనుకుని తాళి పట్టుకుని ఆగిపోయాడు. మూడోసారి ఊపాక గాని ముడి పడలేదు.

రాజ్యం ఆ పెళ్ళికి వెళ్ళి వచ్చి చాలా సంతోషంగా కనపడింది. "నాకొక్కదానికే అనుకున్నాను. ఊరందరికీ వచ్చిందండీ చెవుడు," అంది.

"నీకు తోడు కోసం మా సమాజం చేసిన ఏర్పాటు," అన్నాడు జోగారావు ఆవిడ చెవి దగ్గర.

"ఏంటి?"

"ఏం లేదు."

"మీ యంత్రం ఎప్పుడొస్తదండీ?"

అది ఆవిడ రోజూ అడిగేది. కోపంగా అడిగితే బాగుండును, ఊరికే అడిగేది. ఫోను మోగడం తెలియడం లేదు. పాలు పొంగడం తెలియడం లేదు. పప్పు మాడితే ముక్కుతో తెలుసుకుంటోంది. రోజూ పొద్దున్నే జోగారావు వంటింటి గుమ్మంలో నిలబడి, "రాజ్యం," అని మామూలు గొంతుతో పిలిచి చూసేవాడు. మొదట్లో తిరిగేది. తర్వాత రెండో పిలుపుకి తిరిగేది. ఒకరోజు తిరగలేదు. ఆయన వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుండిపోయాడు.

యంత్రం వచ్చింది. సముద్రం మీద వచ్చి, రేవులో దిగి, లారీలో వచ్చి, మండలం దగ్గర ఇంజను ఆపేస్తే సభ్యులు తోసుకుంటూ తెచ్చారు. పెట్టెకి హారతి ఇచ్చారు. వెంటనే విప్పలేదు. జపాను గాలిలో పుట్టినదానికి ఇక్కడి గాలి పడాలి కనక పెట్టెని అలాగే ఉంచి, సభ్యులు వంతులవారీగా దాని పక్కన మౌనంగా కూర్చున్నారు. అలా కూర్చున్నప్పుడు కలిగిన ఆనందం ఏ పాట విన్నప్పుడూ కలగలేదని కోశాధికారి కళ్ళు తుడుచుకున్నాడు. చాలామందికి అదే అనిపించింది. పెట్టె విప్పుదామని ఎవరూ తొందరపడలేదు. జోగారావు ఒక్కడే, "విప్పుదామాండి, విప్పుదామాండి," అంటూ తిరిగేవాడు. ఉపాధ్యక్షుడికి ఓర్పు తక్కువని కామేశం గారు రాసిపెట్టారు.

చివరికి విప్పారు. స్తంభం మీద కూర్చోబెట్టారు. అందంగానే ఉంది. గుడి గంట బోర్లించినంత పళ్ళెం, కొంగమెడలాంటి చెయ్యి. దానితోపాటు వచ్చిన పుస్తకాన్ని సుబ్బిరెడ్డి చదివి, మొహం ముడుచుకున్నాడు.

"అధ్యక్షా, ఒక చిక్కుంది. ఇది మనిషి చెవి పట్టగలిగేదానికి రెట్టింపు పైదాకా పలుకుద్దంట. పుట్టిన పిల్లాడికే అందులో సగం వినపడుద్ది. వయసొచ్చేకొద్దీ అది తగ్గిపోద్ది. మన సభ్యుల సంగతంటే..."

పరీక్షలు పెట్టారు. సభ్యులందరూ వరసగా కూర్చుని గంటలు విన్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు. కుర్చీ కిర్రు విన్నాయనకి ఎదురుగా మోగిన గంట వినపడలేదు. ఇడ్లీకీ ఉప్మాకీ తేడా చెప్పినాయన, పరీక్ష ఎప్పుడు మొదలవుతుందని అడుగుతూనే ఉన్నాడు. విశ్వపతి గారికి ఎడమ చెవి బొత్తిగా లేదని అప్పుడే బయటపడింది. ఉద్యోగంలో ఉండగా అర్జీదారులు ఆ పక్కన నిలబడేవారట.

హాల్లో విషాదం అలముకుంది. విశ్వపతి గారు మాత్రం చలించలేదు. వరదల్లో గట్లు తెగినప్పుడు కూడా ఆయన చలించలేదని ప్రతీతి. గట్లు ఆయనవే.

"యంత్రము యొక్క ప్రమాణములను మన చెవుల స్థాయికి దించుట అపచారము. చెవులనే ప్రమాణముల స్థాయికి పెంచవలెను. కావున అర్హత గల చెవి ఒకదానిని మన పక్షమున నియమించుకొనవలెను. అది విని సంతృప్తి చెందినచో సమాజము విని సంతృప్తి చెందినట్లే."

అర్హత గల చెవి ఎవరిది? గబ్బిలానిదని పశువుల డాక్టరు చెప్పాడు. కాని గబ్బిలం తలకిందులుగా వేలాడుతుంది, అందువల్ల కుడివైపు స్పీకరు దానికి ఎడమవైపు అవుతుందని ఆక్షేపణ వచ్చింది. తర్వాతది కుక్క. కామేశం గారింట్లో టైగరని ఒక కుక్క ఉంది. దాన్ని డిప్యుటేషన్ మీద ప్రధాన శ్రోతగా నియమిస్తూ తీర్మానం రాశారు. బలపరచడానికి అందరూ జోగారావు వైపు చూశారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ మౌనమే బలం కింద రాసుకున్నారు.

ఆ ఆదివారం రాజ్యం కుంకుమరంగు పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. తన పాట మొదట వేస్తారని జోగారావు చెప్పాడు. లోపలికి ఎవర్నీ రానివ్వరని చెప్పలేకపోయాడు. మనిషి ఒళ్ళు శబ్దాన్ని పీల్చుకుంటుందట. అందుకని హాల్లో యంత్రం, ముల్లు దించి వచ్చే కామేశం గారు, టైగరు. తలుపు మందంగా, దూది కుట్టి చేసింది. బయట వరండాలో సభ్యులు చాపల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

కామేశం గారు కాళ్ళవేళ్ళ మీద నడుస్తూ బయటికొచ్చి తలుపు మూశారు. ఏమీ వినపడలేదు. సభ్యుల మొహాల్లో మాత్రం గొప్ప తన్మయత్వం. విశ్వపతి గారు చేత్తో తాళం వేస్తున్నారు. రాజ్యం అందర్నీ చూసి, తనకొక్కదానికే వినపడటం లేదనుకుని, చెవి మీద చెయ్యి పెట్టుకుని ముందుకి వంగింది. వంగి అలాగే ఉంది.

కాసేపటికి తలుపు తీశారు. టైగరు స్తంభం మొదట్లో కాలెత్తి పని కానిచ్చి, పక్కకి తిరిగి పడుకుని నిద్రపోతోంది.

"ప్రధాన శ్రోత సమాధి స్థితిని పొందియున్నారు," అని కామేశం గారు రాసుకున్నారు. "శబ్దము సంతృప్తికరము."

రాజ్యం భర్త చెయ్యి పట్టుకుంది. "అయిపోయిందాండి?"

ఆయన తలూపాడు.

"నాకు వినపడలేదండి." ఆయన మొహంలోకి చూసి, "బాగా పాడానా?" అంది.

జోగారావు ఆవిడ తలలోంచి జారుతున్న కనకాంబరాలు సర్ది పెట్టాడు.

అదే సమయానికి కోశాధికారి ఫోను చూసుకుంటూ కేకపెట్టబోయి మింగాడు. కంపెనీవారు ఇంకో ప్రకటన చేశారు. ఇంతకంటే మెరుగైన నమూనా తయారవుతోంది. వరండా అంతా ఒక్కసారి కళకళలాడింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసినదాన్ని ఇక ఎదురుచూడటానికి లేదే అని లోలోపల దిగులు పడుతున్నవాళ్ళకి ఊపిరి వచ్చింది. విశ్వపతి గారు అప్పటికప్పుడు లేచి నిలబడ్డారు.

"నూతన నమూనా దృష్ట్యా, ప్రస్తుత యంత్రము నాసిరకముగా పరిగణింపబడును. శ్రవణోపవాసము పొడిగింపబడినది. రికార్డులు యథాప్రకారము పెట్టెలో..."

"ఆగండాగండి," అంటూ జోగారావు హాల్లోకి వెళ్ళాడు. టైగర్ని దాటి, పళ్ళెం మీది రికార్డు తీశాడు. కండువాతో తుడిచి, దాంట్లోనే చుట్టి, చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఉపాధ్యక్షా, ఇది తీర్మానోల్లంఘన," అన్నారు విశ్వపతి గారు.

"ఆయ్, అవునండి," అన్నాడు జోగారావు వినయంగా. రాజ్యం చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

కాలువగట్టు చివర, బస్టాండు పక్కన లాజరు మైకుసెట్టు దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకి పెన్‌డ్రైవులు వచ్చాక పాత రికార్డు ప్లేయరు మంచం కిందికి పోయింది. దాన్ని లాగి, బూజు దులిపి, ప్లగ్గు పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. పళ్ళెం తిరగలేదు.

"బెల్టు కుళ్ళిపోయిందండి అయ్యగారూ," అన్నాడు లాజరు. "ఎలకలు మిగిల్చింది కూడా పొడైపోయింది."

"ముల్లు పలుకుద్దా?"

"పలుకుద్దండి. తిప్పేదే లేదు."

జోగారావు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "నేను తిప్పుతాను."

దుకాణం చూరుకి కట్టిన రేకు కొమ్ముని లాజరు దించి నేల మీద పెట్టాడు. రాజ్యం స్టూలు మీద కూర్చుని, కొమ్ము నోట్లోకి తల దూర్చినంత దగ్గరగా వంగింది. జోగారావు పళ్ళెం అంచు మీద చూపుడువేలు పెట్టి తోశాడు. మధ్యలో బెల్టు లేదు, మోటారు లేదు. వేలికీ పాటకీ నడుమ ఎవరూ లేరు.

బుర్‌మని ఏదో మూలిగింది. ఎద్దు దాహానికి అరిచినట్టుంది.

"ఏంటండీ అంత నీలుగుడు," అంది రాజ్యం. చెవిటావిడ కనక గట్టిగా అంది. "నేను అలా సాగదీసి పాడలేదు. తొందరగా తిప్పండి."

ఆయన తొందరపడ్డాడు. కొమ్ములో చీమ కీచుమన్నట్టయింది.

"అంత కాదు. మెల్లగా. ఆఁ, ఇంకొంచెం. ఆ, అదీ."

రేకు కొమ్ములోంచి, బొంగురుగా, ఊగుతూ, పదిలంగా, పెళ్ళిపీటల మీది పిల్ల గొంతు బస్టాండంతా పరుచుకుంది.

పప్పులో ఉప్పెంతో పరికించె వియ్యంకుడు
నేతిలో నురగెంతో నిదానించె వియ్యంకుడు
చూసి చూసి తలవంచి చూసేను వియ్యంకుడు
విస్తరి మేసి పోయింది వీధిలో ఆవు

బస్సు తోస్తున్నవాళ్ళు తోయడం ఆపేశారు. చెట్టు మీది దింపువాడు తాడు వదిలేశాడు. కాయ ధన్‌మని పడింది, వాడు నాలిక కరుచుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. జోగారావు వేలు నొప్పెట్టి ఇంకో వేలికి మార్చాడు. పాట ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంది. రాజ్యం కదలకుండా వింది. అయిపోయాక తల బయటికి తీసి, "అంత చిన్నపిల్లనా నేను," అంది. "తిప్పండి. మీ అక్క ఏమందో విందాం."

మాణిక్యం అందుకుంది.

కోడలు నోరిప్పితే కాకులే లేచిపోయె
కోడలు పాటెత్తితే కొబ్బరి కాయ రాలె
మా తమ్ముడేం చేసె, మంచివాడు మావాడు
చెవిలో దూదెట్టుకుని చెట్టెక్కి కూర్చుండె

రాజ్యం నవ్వింది. నవ్వుతూ కొమ్ముని పట్టుకుని ఊగింది. కనకాంబరాలు రాలిపోయాయి. కళ్ళు తుడుచుకుని, "దొంగది," అంది. "నాకంటే బాగా పాడిందండి. ఇన్నేళ్ళూ నేనే బాగా పాడాననుకున్నాను, చూశారా. అది ఉన్నప్పుడు ఒక్కసారైనా చెప్పవలసింది."

జోగారావు వేలు ఊదుకుంటూ ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పటికి విశ్వపతి గారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు, వెనక కామేశం గారు, ఆ వెనక సగం సమాజం. నిశ్శబ్ద మండలంలో కొమ్ము వాడిన నేరానికి అప్పటికప్పుడు రాసిన ఉత్తర్వు ఆయన చేతిలో ఉంది. ఎండలో పరిగెత్తి వచ్చినట్టున్నారు, ఒళ్ళంతా చెమట. గట్టిగా చదవడం మొదలుపెట్టారు. ఇందుమూలముగా అన్నారు. ఉల్లంఘనముల దృష్ట్యా అన్నారు. సభ్యత్వము తక్షణము అన్నారు.

రాజ్యం ఆయన నోరు కదలడం చూసింది. "ఏమంటున్నారండీ ఆయన?" అని అడిగింది.

జోగారావు ఆవిడ చెవికి నోరు ఆనించి ఒక్కో మాటా విడగొట్టి చెప్పాడు. "ఇంకోసారి వెయ్యమంటున్నారు."

"అయ్యో, దానికి ఆ పెద్దాయన్ని నిలబెట్టేశారేంటండీ ఎండలో. కుర్చీ వెయ్యండి," అంది.

లాజరు కుర్చీ తెచ్చి వేశాడు. విశ్వపతి గారు దాన్ని చూశారు, కాగితాన్ని చూశారు. మోకాళ్ళు ఏనాడూ ఏ తీర్మానానికీ లోబడినవి కావు. ఉత్తర్వు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కూర్చుని, ఎడమ చెవి గోడవైపు పెట్టి, కుడి చెవి కొమ్ము వైపు తిప్పారు.

జోగారావు పళ్ళెం మీద వేలు పెట్టాడు.